చింతపండుతో దిగిన విమానం

రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి మేమెప్పుడూ రైల్లోనే వెళ్ళేవాళ్ళం. మామగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. పాసు ఉండగా టిక్కెట్టు కొనడం మా ఇంట్లో దుబారా. ఈసారి ఆడపడుచు సీమంతానికి బెర్తులు దొరక్క, మావారు నాకూ అత్తయ్యకూ విమానం టిక్కెట్లు తీశారు. ఎనిమిది నెలల పాప నా ఒళ్ళోనే.

నా భయమంతా పాప చెవుల గురించి. దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి పసిపిల్లలకు చెవిపోటు వస్తుందనీ, ఏదైనా చప్పరిస్తూ మింగుతుంటే రాదనీ చదివాను. అక్కడితో ఆగకుండా ఫ్లాప్స్, టర్బ్యులెన్స్, గో అరౌండ్ అంటూ దొరికిందల్లా చదివేశాను. పాప పోతపాలే తాగుతుంది కాబట్టి, ఒక సీసా పాలు దిగేటప్పటికని అట్టే పెట్టాను.

పొద్దున్న తొమ్మిదికి మా పేట తెలీబంధాలో ఆటో ఎక్కాం. ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర అత్తయ్య దర్జాగా రైల్వే పాసు తీసి చూపించింది.

"మాతాజీ, యే తో రేల్ కా హై. ఆధార్ దీజియే," అన్నాడు జవాను.

"ఇదీ గవర్నమెంటుదే కదేటి," అని నాతో గొణిగి, ఆధార్ తీసింది.

పదకొండున్నరకు విమానం కదిలి, నేలమీదే మెల్లగా పాకుతోంది.

"ఇదేటే, రోడ్డు మీదే తీసుకుపోతాడేటి?"

"దీన్ని టాక్సీయింగ్ అంటారత్తయ్యా. రన్‌వే దాకా ఇంతే."

కిటికీ పక్కన, రాయ్‌పూర్ శివారు బీర్‌గావ్‌లో ఫ్యాక్టరీ పని చేసే ఒకాయన కూర్చున్నాడు. రెక్క చప్పుడు చేసినప్పుడల్లా నా వైపు చూసేవాడు. నేను హిందీలో వివరించేదాన్ని. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను కానీ, ప్రతి వివరణకూ ఆయన బెల్టు ఇంకాస్త బిగించుకున్నాడు.

కిందికి దిగుతున్నామని చెప్పగానే అత్తయ్య సంచీ పట్టుకుని లేచి నిలబడింది. చిన్న స్టేషన్లో బండి రెండు నిమిషాలే ఆగుతుంది కాబట్టి ముందే తలుపు దగ్గరికి చేరడం ఆవిడకు అలవాటు. ఎయిర్‌హోస్టెస్ వచ్చి కూర్చోబెట్టింది. నేను పాప నోట్లో సీసా పెట్టాను. సముద్రం కనిపించింది, చక్రాలు బయటికొచ్చాయి, పాలు అయిపోయాయి. లెక్క సరిగ్గా కుదిరిందని సంబరపడ్డాను.

అంతలో ఇంజన్లు హోరెత్తి విమానం మళ్ళీ పైకి లేచింది. రన్‌వే ఇంకా ఖాళీ కాలేదనీ, గో అరౌండ్ చేస్తున్నామనీ కెప్టెన్ చెప్పాడు.

"ఏటయ్యిందే?"

"దారి ఖాళీ లేదట అత్తయ్యా. ఓ చుట్టు తిరిగొచ్చి దిగుతాం."

"సిగ్నలివ్వలేదన్నమాట. మీ మావగారి బండిని ఔటర్లో ఎన్నిసార్లు ఆపీలేదు!" అని ఆవిడ కాళ్ళు చాపుకుంది.

నేను మాత్రం ఖాళీ సీసా వైపే చూస్తున్నాను. రెండోసారి దిగడం మొదలవగానే పాప చెవి పట్టుకుని ఏడుపుమొహం పెట్టింది. నేను చదివినదాంట్లో రెండో సీసా సంగతి ఎక్కడా లేదు. నాకే ఏడుపొచ్చింది.

అత్తయ్య సంచీలోంచి బస్తర్ చింతపండు తీసింది. కడుపుతో ఉన్న కూతురి కోసం తెస్తున్నది. వేలికి కాస్త రాసి పాప నాలుక మీద పెట్టింది. పాప కళ్ళు మూసుకుని, మొహమంతా ముడిచి, గుటక వేసింది. మళ్ళీ వేలి కోసం నోరు తెరిచింది. అలా గుటకలు వేస్తూనే నేల మీదికి చేరింది. వేలు తీసేసినందుకు మాత్రం ఏడ్చింది.

"ఆంటీ, థోడా ముఝే భీ. కాన్ బంద్ హో గయా," అని బీర్‌గావ్ ఆయన మూసుకుపోయిన చెవి చూపిస్తూ చెయ్యి చాపాడు.

వారం తర్వాత తిరుగు ప్రయాణం. ఈసారి పక్క సీట్లో ఓ పసిబిడ్డ తల్లి, విశాఖ అమ్మాయే, బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. "భయపడకమ్మా. పాలు సగమే పట్టు. గోరౌండయితే మిగతా సగం పనికొస్తాయి."

పిల్లలతో వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేదీ అంతే.

రాయ్‌పూర్‌లో విమానం తిన్నగా వచ్చి దిగింది. పాప సగం సీసాతోనే నిద్రపోయింది.

"ఒక్కసారికే దింపీసాడేటే," అంటూ అత్తయ్య, సిద్ధంగా పట్టుకున్న చింతపండు తన నోట్లోనే వేసుకుంది.