సెలవు తీసుకోని సమ్మెట

లక్ష్మీపూర్ సంతలో కూరగాయల వరస దాటి మట్టికుండల వైపు తిరగగానే, ఎర్రగా కాలిన ఇనుమును కమ్మరి నీళ్ళ తొట్టిలో ముంచినప్పుడు లేచే ఆవిరి వాసన ఒకటి వస్తుంది. పచ్చి అల్లం, తడి మట్టి, ఎండుచేపలు, అన్ని వాసనలనూ పక్కకి నెట్టి అది నేరుగా నన్ను వెతుక్కుంటూ వస్తుంది. మొన్న సంతరోజు అక్కడ చాలాసేపు నిలబడిపోయి, సాయంత్రం కోరాపుట్‌లో నా గదికి చేరాక, బయట వాన దంచుతుంటే, చిన్నప్పటి సినిమా ఒకటి ల్యాప్‌టాప్‌లో మళ్ళీ పెట్టుకున్నాను. ఎక్కడో మంచుదేశాల పాత కథల్లోంచి తీసిన ఉరుముల దేవుడి సినిమా. చేతిలో సుత్తి, భుజాన ఎర్రగుడ్డ. సంగతి విని తమ్ముడు ఫోన్లో నవ్వాడు. "ఇంకా ఆ సినిమానేటే అక్కా, ఆ గ్రాఫిక్సు సూస్తే జాలేస్తంది" అన్నాడు. వేస్తే వెయ్యనీ. నాకు నచ్చింది, అందుకు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోను.

మేం పెరిగింది రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీ కాలనీలో. నాన్న అక్కడ ఫిట్టరు, నోట్లో నాలుక లేని మనిషి. తాతయ్య పోయి, బొబ్బిలి పక్క పల్లెలో మా కొలిమి చల్లారాక, నాన్నమ్మ ఒక ట్రంకుపెట్టె, ఒక సమ్మెట వెంటబెట్టుకుని మా క్వార్టర్‌కి వచ్చేసింది; ఆ పెద్ద సుత్తి ఆమె మంచం కిందే ఉండేది, ఊడ్చినప్పుడల్లా అమ్మ కాలికి తగిలేది, అయినా దాన్ని అక్కడినుంచి కదిపే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. వాన తెరిపిచ్చిన సాయంత్రాల్లో క్లబ్బు గోడకి తెల్లదుప్పటి కట్టి సినిమాలు వేసేవారు. వెలుతురు దారిలో ఉసుళ్ళు ముసురుతుంటే, ఉల్లిపాయ, పచ్చిమిరప, ఆవనూనె కలిపిన మరమరాలు నములుతూ, చాపల మీద ఒకరి మోకాళ్ళకి ఒకరు వీపులానించి, హిందీలోకి మార్చిన ఆ సినిమా చూశాం. అర్హత ఉన్నవాడు తప్ప ఆ సుత్తిని ఎవరూ ఎత్తలేరట. ఎంత బలవంతులు లాగినా కదలదట. హిందీ రాని నాన్నమ్మకి ఇదంతా నేను చెవిలో చెబుతుంటే ఆమె ఒకటే అడిగింది.

"అది సరేగానమ్మీ, ఆ సుత్తి సేసినోడెవడు?"

వెనక వరసవాళ్ళు పకపకా నవ్వారు. నాకు మాత్రం అది న్యాయమైన ప్రశ్నే అనిపించింది.

మర్నాటి నుంచి కాలనీ అంతా అదే ఆట. ఇటుకకి కర్ర కట్టి, రెల్లు పూసిన కాలవ గట్టు మీద పెట్టి, అందరూ వరసగా వచ్చి ఎత్తలేనట్టు నటించాక, చివరికి ఒకడు ఎత్తేవాడు. ఆ ఒకడు ఎప్పుడూ మగపిల్లాడే. నా వంతు అడిగితే, ఆడపిల్లలకి అర్హత ఉండదని, పక్కన నిలబడి చప్పట్లు కొట్టాలని అక్కడికక్కడే తీర్మానం చేసేవారు. ఒళ్ళు మండిపోయేది. అందుకే విశ్వకర్మ పూజకి పిల్లల వేషాలు ఉన్నాయని తెలియగానే, ఉరుముల దేవుణ్ణి నేనే వేస్తానని పేరిచ్చేశాను. అమ్మ తన పాత ఎర్రచీర చింపి నా భుజాలకి సరిపడా కుట్టిపెట్టింది.

మా దగ్గర విశ్వకర్మ పూజంటే, ఇంటిల్లిపాదినీ ఫ్యాక్టరీ గేటు లోపలికి రానిచ్చే ఒకే ఒక్క రోజు. యంత్రాల మెడలో బంతిపూల దండలు, రెంచీలకీ సుత్తులకీ గంధం బొట్లు, గ్రీజు వాసనలో కలిసిపోయిన అగరొత్తుల పొగ, ఆకుదొన్నెల్లో నెయ్యి తేలే వేడివేడి ఖిచిడీ, పక్కన కూరముక్కలేసిన పప్పు దాల్మా, పైన చారెడు బూందీ. ఆ వేళ ఏ పనిముట్టునీ ఎత్తకూడదు, వాటికి సెలవు. సాయంత్రం క్లబ్బులో వేదిక మెట్ల దగ్గర, క్లబ్బు సెక్రటరీ నన్ను ఎగాదిగా చూశాడు. నాన్నకి ఫోర్‌మన్ కూడా ఆయనే.

"ఆడపిల్లకి ఈ ఏసమేటి? తెల్లసీర సుట్టి భారతమాతని సేసెయ్యండి" అన్నాడు.

నాన్న నేలచూపులు చూస్తూ "పోన్లే అమ్మీ" అన్నాడు. ఫోర్‌మన్‌తో మాటామాటా పెరిగితే మర్నాడు షిఫ్టులో ఏమవుతుందో ఆయనకి తెలుసు. నాకు తెలిసిందల్లా, ఇప్పుడు మెట్లు దిగిపోతే ఇక ఎప్పటికీ ఆ కాలవ గట్టు మీద చప్పట్లు కొట్టేదాన్నిగానే మిగిలిపోతానని.

నాన్నమ్మ ఎప్పుడు లేచి వెళ్ళిందో చూడలేదు. తిరిగొచ్చేసరికి వానకి ఆమె కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి, భుజాన సమ్మెట ఉంది. దాన్ని వేదిక మీద నా కాళ్ళ దగ్గర దించింది. సెక్రటరీ ముఖం మారిపోయింది.

"మామ్మగారూ, ఇయ్యేల పనిముట్టు ఎత్తకూడదు. సెలవు."

"మీ సుత్తులకి సెలవు బాబూ. మా సుత్తికి బొట్టూ సెలవూ దసరాకే. ఇయ్యేల దానికి పన్రోజు" అంది నాన్నమ్మ, ఊపిరి అందుకుంటూ. "మా ఆయన పట్టకారట్టుకుని కూకునీవోడు. సమ్మెట కొట్టింది నాను. ఆడదానికి తగదంటే, నాను కొట్టిన నాగలి కర్రులన్నీ తిరిగిచ్చీమను మా ఊరోళ్ళని."

ఆమె నా వైపు తిరిగింది. "మోకాళ్ళు వంచమ్మీ. సేతుల్తో లాగకు, ఒళ్ళంతా కలిపి లేపు." లేపాను. సినిమాలోలా ఆకాశానికేమీ వెళ్ళలేదు, గుండెల దాకా వచ్చి ఆగింది. పళ్ళు బిగుసుకున్నాయి, కానీ దించలేదు. అప్పుడు నాన్న మెట్లెక్కి వచ్చి, ఫోర్‌మన్ చూస్తుండగానే, నా భుజం మీంచి జారుతున్న ఎర్రగుడ్డ ముడి సరిచేసి దిగి వెళ్ళాడు. బహుమతి ఎవరిదో కృష్ణుడి వేషానికి వెళ్ళింది. వెళ్ళనీ.

ఇప్పుడు ఆ క్లబ్బుకి తాళం పడింది, కాలవ గట్టు మీద రెల్లు పోయి సిమెంటు వచ్చింది. నాన్నమ్మ లేదు. నాన్న రిటైరై క్వార్టర్ ఖాళీ చేసిన హడావిడిలో సమ్మెట పాత ఇనుములో కలిసిపోయింది. ఆ మాట నాతో చెప్పడానికి ఆయనకి చాలాకాలం నోరు రాలేదు, విన్నాక నేను ఏడ్చాను కూడా. సినిమా మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. అందులో దేవుడు చెయ్యి చాపితే చాలు, సుత్తి దానంతటదే ఎగిరొచ్చి అరచేతిలో వాలుతుంది. చిన్నప్పుడు అక్కడ కేకలు పెట్టాం. మొన్న మాత్రం నాకు నవ్వొచ్చింది. పైన కూర్చున్న పెద్దలు అర్హత ఉందంటేనే వచ్చే సుత్తి అది, ఉంచుకోమనండి. మా సుత్తి ఏనాడూ ఎవరు పిలిచినా రాలేదు. మా నాన్నమ్మ దాన్ని వానలో భుజాన మోసుకొచ్చింది, నేను వంగి ఎత్తాను. నీకు అర్హత ఉందా అని ఆవిడ నన్ను అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు, ఇకముందూ అడగను.