కేకు ముక్క, ఆగని తొమ్మిదులు

ఈ సాయంత్రం సీతాఫల్‌మండిలో ఒక బేకరీ ముందు వెన్న, జాజికాయ కలిసిన వాసనకు కాళ్ళు ఆగిపోయాయి. క్రిస్మస్‌కు ముందు ఇంట్లో కలిపిన కేకు పిండిని బేకరీకి మోసుకెళ్ళి కాల్పించుకొచ్చేవాళ్ళం, గుర్తుందా మిత్రులారా?

మెట్టుగూడలోని మా క్వార్టర్‌లో, బడిలో లెక్కలు చెప్పే మా అమ్మ ఒక ఏడాది ఆ కేకును ముగ్గురు పిల్లలకూ సమానంగా కోసింది. నేను అప్పుడే దశాంశాలు నేర్చుకున్నాను.

"ఒక్కొక్కరికి సున్నా పాయింట్ మూడు, మూడు, మూడు... అన్నీ కలిపితే సున్నా పాయింట్ తొమ్మిదులే వస్తున్నాయమ్మా, పూర్తి ఒకటి రావట్లేదు. ఎవరికో తక్కువైంది!" అంటూ నా ముక్క ముట్టుకోలేదు.

"తగ్గింది కత్తికి అంటుకుందిలే. తినకపోతే ఇటియ్యి!" అన్నాడు అన్నయ్య.

అమ్మ ఖాళీ పళ్ళెం చూపించింది. "ఏమైనా మిగిలిందా నాన్నా? తొమ్మిదులు ఎక్కడో ఒకచోట ఆగితేనే తక్కువ. అవి ఆగవు, కాబట్టి ఆ మొత్తం సరిగ్గా ఒకటే. పంచడం పూర్తయింది, రాయడమే పూర్తి కాదు."

తిన్నాను.

ఇప్పుడు నా లెక్కల క్లాసులో విద్యార్థులూ ఆ సంఖ్య ఒకటి వైపు ఇంకా నడుస్తూనే ఉందనుకుని తికమకపడతారు. నడిచేది మన కలమేనని ఓపికగా చెబుతాను. నిరూపణ నాకు నోటికి వచ్చు. అయినా ఆ తొమ్మిదుల వరుస కనబడితే చాలు, ఎవరికో తక్కువైందేమోనని మనసు ఈ వయసులోనూ ఒకసారి తడుముకుంటుంది.