కంకర కుప్పల దగ్గర చదివిన పుస్తకం

ఉదయగిరిలో ఆడపిల్లలకు చదువు చెప్పే నా స్నేహితురాలు మార్తమ్మ ఉత్తరం రాసింది. కరువుతో బడి మూతపడిందనీ, ఆడవాళ్లంతా రోడ్డు పనిలో కంకర కొడుతున్నారనీ, నా పుస్తకం తెచ్చి వాళ్లకు చదివి వినిపించమనీ. అమెరికాలో బానిసగా అమ్ముడుపోయి, చాటుగా అక్షరాలు నేర్చుకున్న ఒక నల్లజాతి స్త్రీ కథ అది. నెల్లూరులోని మా బడి దొరసాని ఆ ఇంగ్లీషు కథకు అర్థం చెబుతుంటే ఏడాది పాటు తెలుగులో రాసుకున్నాను. ఇంకో ప్రతి లేదు.

సోమవారం ఉదయం ఆరు గంటలకు మస్తాను తోలే ఎడ్లబండిలో నెల్లూరు వదిలాను. పెన్నలో ఇసుకే ఉంది. సంగం దాటాక ధాన్యం బండ్లు బారులుగా ఎదురొచ్చాయి, వెంట జవాన్లు.

"గింజ లేక జనం చస్తావుంటే ఇయ్యన్నీ ఏడికి పోతుండాయమ్మా?" అన్నాడు మస్తాను.

"రేవుకంట. ఓడలెక్కిస్తారంట."

మంగళవారం మధ్యాహ్నానికి ఆత్మకూరు. సత్రం వంటవాడు నా కులం అడిగి, వీధిలోనే నిలబెట్టి దోసిట్లో నీళ్లు పోశాడు. రాసేటప్పుడు ఆ కథ దూరదేశపు సంగతి అనుకున్నాను. ఆ నీళ్లు తాగుతూ అలా అనుకోలేకపోయాను. ఈ దారిన వెళ్లే మావాళ్లు నీళ్లకుండ వెంట ఉంచుకోవడం మంచిది.

గురువారం పది గంటలకు ఉదయగిరి చేరాను. మార్తమ్మ ఇంట్లో అంబలి తాగి, ఇద్దరం రోడ్డు పని దగ్గరకు వెళ్లాం. గంజి పోసే వేళ ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. కథలోని ఆ స్త్రీ బిడ్డను యజమాని వేలంలో అమ్మేసిన చోటు చదువుతుండగా మేస్త్రీ వచ్చాడు.

"కంకర కొట్టను వచ్చినారా, కథలు వినను వచ్చినారా?"

"గంజి తాగే పొద్దు మాదే గదయ్యా" అంది వెంకమ్మ అనే ఆమె.

అతడు ఆమె ముంత కాలితో తన్నాడు. నా చేతిలోని పుస్తకం లాక్కుని గంజి పొయ్యిలో పడేశాడు. నేను లేచేలోపే అంటుకుంది.

సాయంత్రం వెంకమ్మ మార్తమ్మ ఇంటికి వచ్చింది. ఆమె కూతురు ఆ నెలలోనే ఆకలితో పోయిందని మార్తమ్మ నాకు అంతకుముందే చెప్పింది.

"ఆయమ్మకి బిడ్డ మళ్లా దొరికిందా?" అని అడిగింది వెంకమ్మ.

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "లేదు వెంకమ్మా."

"అయినా సదువు ఇడిసిపెట్టలేదా?"

"లేదు."

"అయితే నా పేరు రాసి సూపించు."

గడప ముందు బొగ్గుతో రాశాను. ఆమె వేలితో దానిమీద దిద్దుకుంది, చీకటిపడేదాకా.

శనివారం తిరుగు ప్రయాణం. మార్తమ్మ ఇచ్చిన కాగితాలమీద, కుదుపుల్లోనే, కథను గుర్తున్నంతవరకు మళ్లీ రాయడం మొదలుపెట్టాను. ఆత్మకూరు వచ్చేసరికి రెండు పేజీలయ్యాయి. రెండింటిలోనూ వెంకమ్మే ఉంది.