గడ్డం గిన్నె

మా ఆయన సొంతంగా గడ్డం గీసుకోవడం బెజవాడ వచ్చాకే మొదలుపెట్టారు. మైలవరంలో ఉన్నన్నాళ్లూ ఇంటికొచ్చి గీసే మనిషి ఉండేవాడు. వీధరుగు మీద కూర్చోబెట్టి మామగారికీ బావగారికీ ఈయనకీ వరసగా గీసి, ఊళ్లో కబుర్లన్నీ చెప్పి వెళ్లేవాడు. కత్తీ గిన్నే అన్నీ అతనివే. మగవాళ్లు మొహం అప్పజెప్పి కూర్చుంటే చాలు. అందుకని నురగ తీసుకోవడానికి ఒక గిన్నె కావాలన్న సంగతి మా ఆయనకు మీసాలు దిట్టంగా వచ్చినా తెలియదు. నాకైతే అసలే తెలియదు.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన కొత్తలో మేమిద్దరం పటమటలో ఒక చిన్న వాటాలోకి దిగాం. మైలవరంలో మావాళ్లది బట్టల కొట్టు. మామగారూ బావగారూ చూసుకునేవారు. మూడో మనిషికి అక్కడ పనేముందని, నేత చీరలు మూటగట్టుకుని దివిసీమ వైపు పెళ్లివారిళ్లకు తిరిగి అమ్ముకుంటానని ఈయన పట్టుబట్టారు. మామగారు సరేనన్నారు గానీ ఒక మెలిక పెట్టారు. "ఈ పెళ్లిళ్ల రోజులు అయ్యేదాకా చూడు. ఒక్క పెద్ద బేరమైనా సొంతంగా పట్టలేకపోతే మారు మాట్లాడకుండా సామాను సర్దుకుని వచ్చెయ్" అన్నారు.

అత్తగారు వంటసామానంతా గోతాంలో కట్టి ఇచ్చారు. కొత్తవి కొనుక్కుంటామని నేను నసిగితే, "మళ్లీ వచ్చేవాళ్లేగా, కొత్తవెందుకే? ఇవే వాడుకుని జాగ్రత్తగా తిరిగి పట్రా" అన్నారు. ఆవిడ ఆ మాట ప్రేమగానే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

మైలవరంలో నన్నెవరూ బాధపెట్టలేదు. తిండికీ బట్టకూ లోటులేదు. కానీ ఆ ఇంట్లో పట్టపగలు మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవడమన్నది లేదు. ఆయనకు దాహమేస్తే గాల్లోకి చూసి "మంచినీళ్లు" అనేవారు. ఎవరో ఒకరు తెచ్చిచ్చేవారు. నాకేదైనా కావాలంటే ఆడపడుచు చేత చెప్పించేదాన్ని. పటమట వచ్చిన వారానికే ఈయన ఎంత మాటకారో తెలిసింది. అన్నం తింటూ మాట్లాడతారు, మూట కడుతూ మాట్లాడతారు, చీరల మడతలు నా చేతికిచ్చి పట్టుకోమని మరీ మాట్లాడతారు. పెళ్లయిన ఇన్నాళ్లకు నా మొగుడితో నాకు పరిచయమైంది. ఇది వదులుకుని వెనక్కి వెళ్లాలంటే నాకు ఏడుపొచ్చేది. ఒక్క బేరం, మంచి బేరం ఒక్కటి కుదిరితే చాలునని రోజూ దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

దివిసీమకు వెళ్లే బస్సు తెలవారకుండానే పటమటలో ఆగుతుంది. అప్పటికి ఏ సెలూనూ తలుపులు తియ్యదు. పోనీ గడ్డంతో వెళ్దామంటే, ఇంట్లో ఎవరో పోయి మైలలో ఉన్నాడనుకుంటారు. మైల మనిషి మోసుకొచ్చిన చీర పెళ్లికూతురికి ఎవరు కొంటారు? అందుకని ఈయన సేఫ్టీ రేజరు, సబ్బు, కుంచె కొనుక్కొచ్చారు. పెరట్లో నూతి పక్కన పీట వాల్చుకుని, అద్దం గోడకు తగిలించి, అప్పుడు గుర్తొచ్చి, "ఇదుగో, నురగకు ఏదన్నా గిన్నె ఇటు పడెయ్" అన్నారు.

ఏది పడెయ్యను? వంటింట్లో ఉన్నవన్నీ మైలవరం గిన్నెలు. గడ్డం సబ్బు తగిలింది మళ్లీ వంటకు పనికిరాదు. ఎంత తోమి తిరిగిచ్చినా అత్తగారు కనిపెట్టేస్తారు. ఆవిడ పప్పు పొంగిందో మాడిందో వీధిలోంచే చెప్పగలరు. గరిటెతో సహా ఏదీ ఇవ్వనని చెప్పేశాను.

కొబ్బరిచిప్ప ఒకటి అంచులు అరగదీసి నున్నగా చేసి ఇచ్చాను. ఆయన చెయ్యి చాచలేదు. "వ్యాపారానికి బయల్దేరేవాడికి పొద్దున్నే చేతికి చిప్ప ఇస్తావుటే?" అన్నారు. నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. చిప్పను పొయ్యిలో పెట్టేశాను.

మట్టి పిడత కొన్నాం. అది నురగలో నీళ్లన్నీ తాగేసి సబ్బును పిండిలా మిగిల్చింది. గాజుగ్లాసు తడిచేతిలోంచి జారి నూతిగట్టు మీద పగిలింది. ఆయనకు సరుకు ఎంచడం వృత్తి కదా, చీర నేత చూసినట్టు ప్రతిదాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చూసేవారు. అడుగు బరువుండాలట. అరచేతిలో ఇమడాలట. కుంచె తిప్పడానికి మూతి వెడల్పుండాలట. పోసిన వేడి కాసేపు నిలవాలట.

"పెళ్లిచూపుల్లో నన్నే ఇంత చూడలేదు కదండీ" అన్నాను.

"ఎక్కడ చూడనిచ్చావు? తల ఎత్తితేగా" అన్నారు.

చివరికి ఆయన కన్ను మా అమ్మ ఇచ్చిన చిన్న జాడీ మీద పడింది. అటకకింద ఖాళీగా ఉంది. పొట్టిది, వెడల్పు మూతి, అడుగు బరువు, లోపల ఒకచోట పింగాణీ పెచ్చు ఊడింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పితిప్పి చూసి, మొహం ఇంత చేసుకున్నారు.

"అది ఆవకాయ జాడీ అండీ" అన్నాను.

"ఖాళీ అయిపోయిందిగా."

"కాయ అయిపోయింది. కారం పోతుందా?"

ఆయన వింటేగా! తనే కూర్చుని చింతపండేసి తోమారు, కుంకుడురసం పోసి కడిగారు, ఎండలో బోర్లించారు. తర్వాత ముక్కు లోపలికి పెట్టి చూసి, "ఏ వాసనా లేదు" అని తీర్పు చెప్పేశారు. నా ముక్కుకు వచ్చింది. మైలవరం ముక్కు కంటే మావైపు ముక్కు తక్కువదేం కాదు. కానీ నిజం చెప్పాలంటే, అందులో నురగ బాగా వచ్చింది. చన్నీళ్లతో కొన్నాళ్లు హాయిగా గీసుకున్నారు. గీసుకున్నప్పుడల్లా బుగ్గ నిమురుకుంటూ వచ్చి, "ఏదీ, కారమేదీ?" అని నన్ను ఉడికించేవారు.

మాఘమాసంలో చల్లపల్లి నుంచి కబురొచ్చింది. ఒక పెద్ద మోతుబరి ఇంట్లో పెళ్లి. బుధవారం మంచిరోజని ఆ పూటే పెళ్లికూతురి చీరలూ, చుట్టాలకిచ్చే పెట్టుబడి బట్టలూ ఎంచుకుంటారట. బందరు నుంచి కూడా వ్యాపారులు వస్తున్నారట. మేం ఎదురుచూస్తున్న బేరం ఇదేనని ఇద్దరికీ తెలుసు. ఆ రెండు రోజులూ ఆయన మాటకారితనం తగ్గిపోయింది. మంగళవారం గడ్డం గీసుకోకూడదు కాబట్టి బుధవారం తెల్లవారుజామునే గీసుకుని బస్సెక్కాలనుకున్నారు.

చలి గట్టిగా ఉంది. పాపం, నూతినీళ్లతో వణుకుతారని నేను వేణ్ణీళ్లు కాచి జాడీలో పోశాను. కుంచె తిప్పారు. నురగ ఎప్పటికంటే బ్రహ్మాండంగా వచ్చింది. రెండు బుగ్గలకూ పట్టించుకుని ఎడమవైపు గీసుకోవడం పూర్తి చేశారు. అంతే, "అబ్బా, మంట! మంటే!" అని పీట మీంచి ఎగిరి లేచారు. చన్నీళ్లకు కదలకుండా పెచ్చు ఊడినచోట దాక్కున్న కారం వేణ్ణీళ్లకు కరిగి బయటికొచ్చింది. అసలే బ్లేడు గీసిన చర్మం. నేను చేదమీద చేద తోడి మొహాన పోశాను. వెన్న రాశాను. దీపం దగ్గర పెట్టి చూద్దును కదా, ఎడమ బుగ్గ మందారం రంగులో పొక్కులు పొక్కులుగా పొంగింది. కుడి బుగ్గ మూడురోజుల గడ్డంతో నల్లగా ఉంది. ఇంకెప్పుడైనా అయితే పడీపడీ నవ్వేదాన్ని.

"వెళ్లను. ఈ మొహంతో ఎలా వెళ్లను?" అని ఆయన నూతిగట్టు మీద కూలబడ్డారు. "అయిపోయింది. సామాను సర్దు" అన్నారు.

ఆ మాట విన్నాక నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "లేవండి. ఆ వైపు గీసుకోండి. సర్దడానికి నేనేం సిద్ధంగా లేను" అన్నాను. మరి నురగ దేంట్లో తియ్యాలి? కుంచెకూ కారమే అంటింది. సబ్బు బిళ్ల కడిగి, నా ఎడమ అరచెయ్యి తడిచేసి, కుడిచేతి వేళ్లతో అక్కడే రుద్దడం మొదలుపెట్టాను. మెల్లగా నురగ పొంగింది. నా అరచేతిలోది తీసి నా వేళ్లతోనే ఆయన కుడి బుగ్గకు పట్టించాను. అంత దగ్గరగా ఆయన మొహం నేను అంతవరకూ చూడలేదు. చెవి కింద చిన్న పుట్టుమచ్చ ఉంది. అదీ నాకు తెలియదు. ఆయన ఆ వైపు గీసుకున్నారు. దూరంగా బొగ్గుతో నడిచే బస్సు దగ్గుకుంటూ వస్తున్న చప్పుడు వినబడింది. మూట భుజానికెత్తి పంపించేశాను.

ఆ పగలంతా నాకు అన్నం సయించలేదు. ఏ గిన్నె చూసినా మైలవరం వెళ్లిపోతానని నా వంక చూస్తున్నట్టే ఉంది.

సందెవేళ ఆయన సందు మలుపు తిరగడం గుమ్మంలోంచే చూశాను. చేతిలో మూట లేదు. మూటగుడ్డ మడతపెట్టి కండువాలాగా భుజాన వేసుకున్నారు. నేను గడప మీదే కూర్చుండిపోయాను.

జరిగింది ఆయన చెప్పారు. పెళ్లివారి గుమ్మంలోకి వెళ్లేసరికి ఆ ఇంటి పెద్దావిడ, పెళ్లికూతురి నాయనమ్మ, ఈయన మొహం చూసి రెండు చేతులూ అడ్డం పెట్టేసిందట.

"అక్కడే ఆగు నాయనా, గడప తొక్కకు! మొహాన ఆ ఎర్రటి పొక్కులేంటి? అమ్మవారు పోసినట్టుందే! ఇంట్లో చంటిపిల్లలున్నారు, శుభమా అని పెళ్లి పెట్టుకున్నాం. మూట తీసుకుని ఊళ్లోంచే వెళ్లిపో."

"అమ్మవారు కాదండీ, ఆవకాయండీ!" అని ఈయన వీధిలోంచి అరిచారట.

"ఆవకాయ అన్నంలో కలుపుకుంటారు గానీ మొహానికి పూసుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా" అందట ఆవిడ.

ఇక దాచడానికి ఏముంది? చిప్ప దగ్గర్నుంచి జాడీ దాకా అంతా చెప్పేశారట. పొద్దున మొహం తుడుచుకున్న తువ్వాలు విసరమంటే విసిరారట. ఆవిడ దాన్ని కర్రతో అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఆవఘాటే!" అని నవ్వడం మొదలుపెట్టి, కోడళ్లనీ కూతుళ్లనీ పిలిచి అందరికీ వాసన చూపించిందట. బందరు వ్యాపారులు కూడా చీరలు వదిలేసి నవ్వారట.

"మరి ఆ రెండో వైపు ఎలా గీసుకున్నావయ్యా?" అని అడిగిందట ఆవిడ.

"మా ఆవిడ అరచేతిలో నురగ తీసి పెట్టిందండీ" అన్నారట ఈయన. అప్పుడు ఆడవాళ్లు ఇంకా గట్టిగా నవ్వారట. ఆవిడ మాత్రం నవ్వు ఆపి, "అబద్ధాలాడేవాడైతే ఇంతకంటే గౌరవమైన కథ చెప్పేవాడు. ఇతని నూలు కూడా నిఖార్సుగానే ఉంటుంది. లోపలికి రా నాయనా, మూట విప్పు" అందట. పెళ్లికూతురికి ఎంచారు, వియ్యాలవారికి ఎంచారు, పెట్టుబడులకూ ఎంచారు. మూటగుడ్డ ఒక్కటే మిగిలింది.

నేను నవ్వుతూనే ఏడ్చాను. ఆయన కంగారుపడి, "మళ్లీ ఏమైందే?" అన్నారు. ఏమీ కాలేదు. ఇక మైలవరం వెళ్లక్కర్లేదు, అంతే.

బుగ్గ మీద పొక్కులు మానాక నన్ను బెజవాడ పాత ఊళ్లో ఇత్తడి సామాన్ల కొట్టుకు తీసుకెళ్లారు. ఎంచుతూ ఎంచుతూ కొట్టతన్ని ఏడిపించారు. ప్రతి గిన్నెలోనూ చూపుడువేలు కుంచెలాగా గుండ్రంగా తిప్పి చూస్తుంటే, "పాలకాండీ, పచ్చడికా?" అని అతను అడిగాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆఖరికి లోపల కళాయి పూసిన, అడుగు మందంగా ఉన్న చిన్న ఇత్తడి గిన్నె ఒకటి ఆయన అరచేతిలో కుదురుగా కూర్చుంది.

కొట్టు అరుగు మీద ఒకతను చిన్న ఉలీ సుత్తీ పెట్టుకుని, కొన్నవాళ్ల గిన్నెల మీద పేర్లు చెక్కుతున్నాడు. గిన్నె అందుకుని, "పేరేం చెక్కమంటారండీ?" అన్నాడు.

ఆయన నా పేరు చెప్పారు.

"గడ్డం గిన్నె మీద నా పేరేంటండీ, నవ్వుతారు!" అని గొణిగాను.

"మన ఇంట్లో మొదటి గిన్నె ఇదేగా. ఇంకెవరి పేరుంటుంది?" అన్నారు.

కొత్తకోడలిగా మైలవరంలో గృహప్రవేశం చేసిన నాడు ఆడపడుచులు గుమ్మానికి అడ్డంపడి పేర్లు చెప్పిస్తే ఆయన ఏదో గొణిగారు, ఆ గోలలో నాకు వినబడలేదు. ఆ తర్వాత నేను "ఇదుగో"నే. పెళ్లయినప్పటి నుంచీ ఆయన నోట నా పేరు తేటగా వినడం ఇదే మొదలు. ఇంకొక్కసారి అనమని అడగడానికి సిగ్గేసింది.

"చెక్కే అతనికి సరిగ్గా వినబడిందో లేదో" అన్నాను.

ఆయన మళ్లీ చెప్పారు.