అన్నయ్య బిగించిన ఇంజిను

మొన్న కొత్తవలస రైల్వే గేటు దగ్గర, ఆటోలో కూర్చుని కదలని గూడ్సు బండిని తిట్టుకుంటూ ఉన్నాను. గేటు ఎత్తగానే పక్కనున్న కారు సన్నగా ఈల వేసుకుంటూ దూసుకుపోయింది. "ఏటమ్మా ఆ కూత?" అన్నాడు ఆటో ఆయన. "టర్బో" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఏం, బడిలో తెలుగు పాఠాలు చెప్పేదానికి టర్బో తెలియకూడదా? మా బావ పుణ్యమా అని కావలసినదానికన్నా ఎక్కువే తెలుసు.

బావంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. విజయనగరంలో కార్ల షెడ్డు. ఆయనా, మేం పెద్దబావ అని పిలిచే ఆయన అన్నయ్యా కలిసి నడిపేవారు. పెళ్లి చేసుకోని పెద్దబావకి కార్లే సంసారం. భోజనానికి పిలిస్తే కారు కిందనుంచి "వస్తన్నాను" అని గొంతు వచ్చేది. మనిషి వచ్చేసరికి చారు చల్లారిపోయేది. అన్నదమ్ములిద్దరికీ ఒకటే పిచ్చి. పాత కారొకటి కొని, దానికి టర్బో పెట్టి, చెన్నై అవతల రేసుల ట్రాక్ మీద పరుగెత్తించాలి. కారు కొన్నారు. ఇంజిను మొత్తం విప్పి, కడిగి, మళ్లీ బిగించింది పెద్దబావే. టర్బో ఇంకా పెట్టనేలేదు, ఓ మధ్యాహ్నం గుండెనొప్పితో ఆయన వెళ్లిపోయారు.

మా వైపు పోయిన మనిషి పడుకున్న మంచం, కట్టిన బట్టలు ఇంట్లో ఉంచరు. అన్నీ ఇచ్చేశారు. బావ కంట్లోంచి ఒక్క చుక్క రాలలేదు. కర్మకాండ అయిన మర్నాడే షెడ్డు తెరిచాడు. "గట్టి గుండె" అని చూడవచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. నాకు మాత్రం భయం వేసింది.

టర్బో అంటే ఇంజినుకి గాలిని బలవంతంగా ఎక్కించడం. గాలి పెరిగితే పెట్రోలు పెరుగుతుంది, మంట పెరుగుతుంది, ఆ దెబ్బంతా లోపలి పిస్టన్ల మీద పడుతుంది. రోడ్డు మీద ఎప్పుడో ఓసారి తొక్కితే ఓర్చుకుంటాయి. ట్రాక్ మీద తిరిగినంతసేపూ తొక్కుడే, చల్లారే సందుండదు. అందుకని ముందు ఇంజిను విప్పి గట్టి పిస్టన్లు వెయ్యాలి. ఈ ముక్క ఊరందరికీ చెప్పేది మా బావే. "పిస్టన్లు మార్సకుండా టర్బో అంటే నా గుమ్మం ఎక్కకు" అని ఎంతమందినో తరిమేశాడు. అలాంటి మనిషి తన కారుకి మాత్రం ఇంజిను ముట్టకుండా పైపైన టర్బో బిగించాడు.

మా అప్ప ఊరుకుంటుందా? "ఊరందరికీ సెప్తావు, నీకు తెల్దేటి? ఇంజిను ఎందుకు ఇప్పవు?" అని నిలదీసింది.

"ఇప్పను. అందులో పెతీ బోల్టూ అన్నయ్య బిగించినాడు. మంచం ఇచ్చీసినాం, బట్టలు ఇచ్చీసినాం. ఇదొక్కటే ఉన్నాది" అన్నాడు బావ.



టర్బో గాలి ప్రెషర్ తగ్గించి పెట్టాను, ఏమీ కాదంటూ మమ్మల్నిద్దరినీ ట్రాక్‌కి తీసుకెళ్లాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కొబ్బరికాయ కొడితే, అక్కడివాళ్లు చిప్పముక్కలన్నీ మాచేతే ఏరించారు. కారు మొదట బాగానే తిరిగింది. ఎండ ముదిరింది. కాసేపు ఆపమని మేం చేతులూపినా బావ ఆపలేదు. లోపల గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడొచ్చిందని తర్వాత చెప్పాడు. మాకు కనబడింది మాత్రం నీలం పొగే. కారు గడ్డిలోకి దిగి ఆగిపోయింది. పిస్టన్ కరిగి చిల్లుపడింది. లారీ మీద ఇంటికి తెచ్చుకున్నాం.

ఇప్పుడా కారులో గట్టి పిస్టన్లున్నాయి, రోజంతా ట్రాక్ మీద తిప్పినా తట్టుకుంటోంది. సంతోషమే. కానీ నాకు గుర్తుండిపోయింది ఇంజిను విప్పిన పొద్దుట. అప్ప టీ పట్టుకుని షెడ్డుకి వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. బావ స్పానర్ వేసి మొదటి బోల్టు తిప్పుతున్నాడు, అది కదలటం లేదు. "ఎంత గట్టిగా బిగించీసినావు అన్నయ్యా" అన్నాడు, ఆయన పక్కనే ఉన్నట్టు. బోల్టు కిర్రుమని కదిలింది. అంతే, మనిషి నేలమీద కూలబడి భోరుమన్నాడు. అప్ప ఊరుకోమనలేదు. గ్లాసు కింద పెట్టి, ఆయన వీపు మీద చెయ్యి వేసి, "ఏడిసెయ్ బావా, ఏడిసెయ్" అంది.

అప్పటికి పెద్దబావ సంవత్సరీకం కూడా అయిపోయింది. మా బావకి మాత్రం ఆయన పోయింది ఆ పొద్దుటే.