యాదమ్మ ఆదివారం రిపోర్టులు

2011లో నేను దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక చిన్న డయాగ్నోస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రక్తం తీయడం, మెషిన్‌లో పెట్టడం, వచ్చిన అంకెను రిపోర్టు మీద టైపు చేయడం, ఇదీ నా పని. ఆ అంకె మంచిదో చెడ్డదో చెప్పడం నా పని కాదు. చేరిన మొదటి రోజే ఈ సంగతి చెప్పారు. నేను వినలేదు.

వినకపోవడానికి కారణం గ్రంథాలయం. నేను చదివింది ఇంటర్, ఆ తర్వాత రెండేళ్ల డిప్లొమా. మిగతా చదువంతా సరూర్‌నగర్‌లో మా ఇంటికి దగ్గరున్న శాఖా గ్రంథాలయంలో జరిగింది. ఆరోగ్యం అని రాసిన బీరువాలో రెండు అరలు పుస్తకాలుండేవి. నాలుగేళ్లలో అవన్నీ చదివాను. ఏ ధాన్యం నెమ్మదిగా అరుగుతుంది, ఏది రక్తంలోకి చక్కెరను గబగబా వదులుతుంది, నడుము చుట్టూ కొవ్వు చేరితే ఇన్సులిన్ ఎందుకు సరిగా పనిచేయదు, ఇవన్నీ నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నాను. డాక్టర్లకే తెలుస్తాయనుకున్న విషయాలు నాకూ అర్థమవుతుంటే కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ నోట్సులోంచి ఒక పేజీ డైట్ చార్టు తయారు చేసి, జిరాక్సులు తీయించి, షుగర్ పరీక్షకు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇచ్చేదాన్ని.

మా పాథాలజిస్టు, అంటే రిపోర్టులు చూసి సంతకం చేసే డాక్టరు గారు, తెనాలి వైపు ఆవిడ. చార్టు చదివి, “బాగానే రాశావమ్మాయ్. కానీ వీళ్ళింట్లో ఎవరు వండుతారో, ఎవరు ముందు తింటారో ఇందులో లేదుగా” అన్నారు. డిప్లొమా వాళ్లంటే చులకన అనుకుని మనసులో నొచ్చుకున్నాను.

యాదమ్మ మొదటిసారి ఆ జనవరిలో వచ్చింది. యాభైకి దగ్గర వయసు. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి, చైతన్యపురి హాస్టళ్ల మధ్య కర్రీ పాయింట్ నడుపుతోంది. కోచింగ్ పిల్లలు గదిలో అన్నం వండుకుని, కూరలూ పప్పూ ఆమె దగ్గర పొట్లాలు కట్టించుకుపోయేవారు. అన్నం కూడా కావాలన్న వాళ్ల కోసం రోజూ పెద్ద గిన్నెడు వార్చేది. బరువు ఎనభై ఆరు కిలోలు. ఫాస్టింగ్ షుగర్ రెండు వందలు దాటింది. రాత్రి తిన్నాక ఎనిమిది, పది గంటలు ఏమీ ముట్టకుండా పొద్దున్నే పరగడుపున ఇచ్చే రక్తంలో చూసేది ఫాస్టింగ్. అప్పటికే వాళ్ల పేట డాక్టరు ఒకాయన మాత్రలు రాసిచ్చాడు. నేను చార్టు ఇచ్చాను.

“నేను తినేదే తక్కువ బిడ్డా. గాలి పీల్చినా ఒళ్లొస్తది నాకు” అంది.

“గాలికి రాదమ్మా, బియ్యానికి వస్తుంది.”

“నీకు పెండ్లయిందా?”

“అయింది.”

“మీ అత్త మస్తు పరేషాన్ అయితుండొచ్చు నీతోని” అని, చార్టు మడిచి జాకెట్లో పెట్టుకుంది.

తర్వాత ప్రతి నెలా ఒక ఆదివారం పొద్దున ఆరున్నరకే వచ్చేది, కొట్టు తెరవకముందే. ఫిబ్రవరిలో నూట ముప్పై ఎనిమిది. మార్చిలో నూట ఇరవై ఆరు. వేసవి దాటేసరికి నూట పంతొమ్మిది. బరువు ఎనభై ఆరు నుంచి ఎనభై మూడుకీ, అక్కడి నుంచి డెబ్బై తొమ్మిదికీ దిగింది. ఏం తింటున్నావని ప్రతిసారీ అడిగేదాన్ని. “నువ్ రాసిందే. పొద్దుగాల జొన్నరొట్టె, ఆకుకూర. రాత్రికి గూడ రొట్టెనే. చాయ్‌ల చక్కెర బంద్” అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పేది. అబద్ధం కాదు. ఒకసారి తోడు వచ్చిన ఆమె కోడలు కూడా అదే మాట చెప్పింది.

కూర్చున్న పది నిమిషాల్లో లీటరు సీసా నీళ్లు తాగేసేది. నీళ్లు బాగా తాగమని నా చార్టులో ఉంది కదా అని మురిసిపోయాను. “జాకెట్లన్నీ లూజైనయ్, టైలర్ తాన పడ్డయ్” అంటే ఇంకా సంతోషించాను. రెండు అరల పుస్తకాలు చదివినదాన్ని. అదుపు తప్పిన షుగర్‌లో దాహం పెరుగుతుందని, ఒళ్లు కరిగిపోతుందని నా నోటుబుక్కులోనే నా చేతిరాతతో ఉంది. కానీ ఆ మనిషి నా చార్టు పాటిస్తున్న మనిషి. ఆమెకు ఆ వాక్యం వర్తిస్తుందని తోచలేదు.

నెలనెలా తగ్గుతున్న అంకెలతో ఒక గ్రాఫ్ గీసి, కింద యాదమ్మ అని రాసి, రక్తం తీసే గది గోడకు అంటించాను. చార్టు చదవకుండా మడిచేసే వాళ్లందరికీ అది చూపించేదాన్ని. యాదమ్మ సిగ్గుపడింది. “చదువురాని దాన్ని, నా పేరు గోడకెక్కిచ్చినవ్” అని కొంగుతో మూతి తుడుచుకుంది.

ఒకసారి డాక్టరు గారు ఆమె రిపోర్టు చూసి, హెచ్‌బీఏ1సీ కూడా చేయించమన్నారు. రక్తకణానికి అంటుకున్న చక్కెరను కొలిచే పరీక్ష అది. రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది, ఒక్క పొద్దుటి సంగతి కాదు. ఆవిడ లోపలికి వెళ్లాక యాదమ్మ నా వైపు చూసింది.

“చేపియ్యాల్నా బిడ్డా?”

“నీకు దండుగమ్మా. ఇంత మంచిగా వస్తుంటే ఎందుకు?” అన్నాను.

తిన్న రెండు గంటలకు చేసే పోస్ట్ లంచ్ పరీక్ష కూడా ఆమెకు ఎప్పుడూ చేయలేదు. మధ్యాహ్నం పూట కొట్టు వదిలి రాలేనంది. నేను బలవంతపెట్టలేదు.

ఆ ఏడాది మా రోడ్డు మీద ఏ రోజు ఏది నడుస్తుందో పొద్దున్నే గానీ తెలిసేది కాదు. బంద్ అంటే షట్టర్లు దిగేవి, హాస్టల్ పిల్లలు ఊళ్లకు పోయేవారు. సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు ఆగిపోయాయి. ఎల్బీనగర్ నుంచి నేను నడిచి వచ్చిన రోజులున్నాయి. అప్పటికి మేము ఇల్లు అటు మారాం. యాదమ్మ కొడుకు నర్సింహ ఆటో తోలేవాడు, జెండా కట్టుకుని ర్యాలీల్లో తిరిగేవాడు. ఆ నెల పరీక్షకు వచ్చిన ఆదివారం డాక్టరు గారిని చూసి యాదమ్మ, “మీరు పోతరా మేడం తెనాలికి?” అని అడిగింది. “పోతే నీ గోంగూర పప్పు ఎవరు తింటారు?” అన్నారావిడ. “పుంటికూర అనాలె. గది అన్నోళ్లే ఈడుంటరు” అంది యాదమ్మ. ఇద్దరూ నవ్వారు.

ఆ ఆదివారమే ఆమె ఎడమ పాదానికి గుడ్డ కట్టుకుని వచ్చింది. పసుపు మరకలు.

“అన్నం వారుస్తుంటే గంజి పడ్డది. వారమైతుంది. నొప్పేం లేదు” అంది.

నొప్పి లేదంటే తగ్గుతోందనుకున్నాను. షుగర్ నరాలను తినేసినప్పుడు కూడా నొప్పి ఉండదు. మరుగుతున్న గంజి పడినా తెలియని పాదం అది. ఫాస్టింగ్ నూట ఇరవై ఒకటి వచ్చింది. గ్రాఫ్‌లో ఇంకో చుక్క పెట్టాను.

తొమ్మిది రోజుల తర్వాత నర్సింహ ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు. తల్లి పాదం నల్లబడిందని, వాసన వస్తోందని, సర్కారు దవాఖానలో చేర్చానని చెప్పాడు. అక్కడ పాత రిపోర్టులు అడిగారట. కాపీలు తీసి ఇస్తుంటే అతను గోడ వైపు చూశాడు.

“గిది జూసి మేం గూడ ఖుషైనం మేడం. అమ్మకు తగ్గుతుందనే అనుకున్నం” అన్నాడు.

దవాఖానలో చేసిన హెచ్‌బీఏ1సీ పదకొండు దాటింది. ఆరున్నర, ఏడు లోపల ఉండాల్సింది. నెలల తరబడి ఆమె రక్తం పాకంలా ఉంది. మోకాలి కింద కాలు తీసేశారు.

డాక్టరు గారు నన్ను తిట్టలేదు. రిపోర్టుల తేదీలన్నీ ఒక కాగితం మీద రాయించి, గోడ క్యాలెండర్ దించి పక్కన పెట్టుకున్నారు. కాసేపు చూసి, “మొదటిది తప్ప అన్నీ ఆదివారాలేనమ్మాయ్. ముందు రోజు శనివారం. ఆవిడ శనివారాలు ఉపవాసం ఉంటుందేమో అడిగావా?” అన్నారు.

అడగలేదు. మర్నాడు దవాఖానకు వెళ్లి అడిగాను. వార్డులో మంచం మీద యాదమ్మ సగానికి సగం అయి ఉంది. దుప్పటి ఒక వైపు చదునుగా ఉంది.

“శనివారం ఒక్కపొద్దే గదా బిడ్డా. ఎంకటేశ్వరునికి. పొద్దంత గోలీలేసుకుంట, పొద్దుగూకినంక ఒక గిలాస మజ్జిగ తాగుత, అంతే.”

“మరి పరీక్షకు ఆదివారమే ఎందుకు వచ్చేదానివి?”

“పరగడుపున రమ్మంటివి. ఎట్లనో శనివారం కడుపు మాడ్చుకుంట. ఇంకోపారి ఎందుకు మాడాలె? రెండు పనులు ఒక్కదాన్ల అయితయని వచ్చిన.”

ఎవరినీ మోసం చేయలేదామె. ఒక రోజంతా తిండి లేకుండా, మాత్రలు మాత్రం మానకుండా వచ్చిన మనిషికి ఆ అంకె రాక ఇంకేం వస్తుంది? మిగతా ఆరు రోజుల సంగతి అడిగాను. జొన్నరొట్టె గురించి మళ్లీ చెప్పింది. ఈసారి నేను ఆగలేదు. కొట్టు మూసేటప్పుడు గిన్నెల్లో మిగిలింది ఏం చేస్తావు అని అడిగాను.

“ఏం చేస్త? నాలుగింటికి అన్ని ఊడ్చుకుని తింట. ఆలుగడ్డ ఫ్రై, బాగారన్నం, ఏది మిగిల్తె గది. బంద్ నాడైతే గిన్నెలు గిన్నెలే మిగిలేటియి. ఇంటికి పంపినంక గూడ బుక్కెడు బుక్కెడు ఉండేది.”

“ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే అమ్మా.”

ఆమె నన్ను వింతగా చూసింది. “నువ్ ఏం తింటవని అడిగితివి. గది తినుడు కాదు బిడ్డా. ఖరాబు కాకుండ సర్దుడు. అన్నం మోరీల పోస్తమా?”

ఆ క్షణంలో నా నోటుబుక్కులు గుర్తొచ్చాయి. ఎన్ని ఆహారాల పేర్లు రాసుకున్నానో, ఎన్ని గ్రాములు రాసుకున్నానో. ఇంటిల్లిపాదికీ, ఊరందరికీ పెట్టాక అడుగున మిగిలినదాన్ని తినడం తిండి లెక్కలోకి రాని మనుషులు ఉంటారని ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. చదవక్కర్లేదు కూడా. మా అమ్మా అట్లాగే తినేది. నేనూ అట్లాగే తింటాను.

“నాదే తప్పమ్మా. డాక్టరు గారు చెప్పిన ఆ పెద్ద పరీక్ష వద్దన్నది నేనే” అన్నాను.

“నీదేముంది? సదువుకున్నదానివి. నువ్ మంచిగున్నదన్నంక నాకేం భయముంటది?”

ఓదార్చడానికే అంది. ఆమె నమ్మింది డాక్టర్ని కాదు, మాత్రల్ని కాదు. గోడ మీద నేను అంటించిన కాగితాన్ని నమ్మి, పాదం మీది గుడ్డ విప్పి చూసుకోలేదు. సెంటర్‌కు వెళ్లగానే ఆ గ్రాఫ్ చించేశాను. చార్టులు ఇవ్వడం కూడా కొన్నాళ్లు మానేశాను. డాక్టరు గారే మళ్లీ మొదలుపెట్టించారు. “చార్టులో తప్పు లేదు. జొన్నరొట్టే తినమను, బరువూ తగ్గమను. ఎందుకు తగ్గుతున్నారో కూడా అడుగు” అన్నారు.

కర్రీ పాయింట్ మళ్లీ తెరవలేదు. పొయ్యి దగ్గర నిలబడాలంటే రెండు కాళ్లూ కావాలి. షట్టర్ ఇంకెవరికో ఇచ్చేశారు. మరుసటి వేసవిలో హోమ్ కలెక్షన్‌కు, అంటే ఇంటికే వెళ్లి రక్తం తీసుకురావడానికి, సరూర్‌నగర్‌లో వాళ్ల కిరాయి గదికి వెళ్లాను. ఇప్పుడు ఇన్సులిన్ వాడుతోంది. కోడలు వేళకు కంచంలో పెట్టింది తింటోంది, పెట్టినంతే తింటోంది. ఒక్కపొద్దు దవాఖానలోనే మానిపించారు. రెండు రోజుల తర్వాత రిపోర్టు ఇవ్వడానికి నేనే వెళ్లాను.

“ఎంతొచ్చింది బిడ్డా?”

“పెద్ద పరీక్షలో ఆరు పాయింట్ ఎనిమిది.”

“మంచిదేనా?”

“మంచిదే అమ్మా.”

“అప్పుడు గూడ మంచిదే అంటివి” అంది. గొంతులో నిష్ఠూరం లేదు, కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అప్పటి మంచికీ ఇప్పటి మంచికీ తేడా ఏమిటో వివరించాను. శ్రద్ధగా విన్నది. విని, “గట్లనా. మరి ఈ తిండి అప్పుడే తింటే కాలుంటుండె గదా” అంది.

ఉండేదన్నాను. వేరే ఏం చెప్పినా అబద్ధమయ్యేది. అప్పటికే నేను ఒకసారి తెలియక చెప్పాను, తెలిసి ఇంకోసారి చెప్పలేను. తర్వాతి ఏడాది చలికాలంలో ఆమె గుండెపోటుతో పోయింది.

నేనిప్పటికీ గ్రంథాలయానికి వెళ్తాను. తిండి సరిగా ఉంటే చాలా జబ్బులు గడప దాటి రావని అక్కడ చదివింది నిజమే. కానీ మనుషులు తాము తింటున్నామని అనుకునేది వేరు, తినేది వేరు. దాన్ని అడిగి తెలుసుకోవాలి. ఇప్పుడు సూది గుచ్చకముందే రెండు మాటలు అడుగుతాను. నిన్న ఏం తిన్నారు? మీ ఇంట్లో గిన్నెలో మిగిలింది ఎవరు తింటారు? రెండో ప్రశ్నకు ఆడవాళ్లు చాలామంది నవ్వేస్తారు. కొందరు జవాబు చెప్పకుండా తల దించుకుంటారు. వెనక వరసలో ఎంతమంది ఉన్నా సరే, వాళ్లు చెప్పేదాకా నేను ఆగుతాను.