తలుపుకి ఎర్రగుడ్డ

“చెత్త గిట్ల బకెట్ల ఇయ్యొద్దమ్మా, కవర్ల మూటగట్టుండ్రి!”

“రోజుకో కవరా? కడిగి ఆరబెట్టి దాచుకునేది నీకివ్వడానికా?”

“మీ ఇంట్ల జరముందా? నిజం చెప్పుండ్రి, నాకు సుత పిల్లలున్నరు.”

“ఎవరికీ లేదు, పోవే!” అన్నాను. అబద్ధం. కోడలికి రెండు రోజులుగా జ్వరం.

కరోనా రోజుల్లో మా ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో చెత్త ఎత్తే మనిషి ఆమె. గుమ్మం ముందు చీపురుకర్రతో ఠకఠకా కొట్టి మూడడుగులు వెనక్కి దూకేది. జ్వరమున్న ఇంటి తలుపుకి ఎర్రగుడ్డ కట్టమనేది. ఆ ఇళ్ల చెత్త అన్నిటికన్నా చివర్న, గ్లవ్స్ తొడుక్కుని ఎత్తేది. అబ్బ, ఏం హుషారు! మూడు బ్లాకులూ తన ఇల్లే అన్నట్టు తిరిగేది.

మర్నాడు పొద్దున్నే నా పాత ఎర్ర జాకెట్టు చింపి తలుపుకి కట్టాను. చెత్తని రెండు కవర్లలో మూటగట్టి బయట పెట్టాను. ఆమె గుడ్డ చూసి “శాబాష్ అమ్మా!” అని అరిచి, మా మూట చివరికి వదిలి పక్కింటికి పరుగెత్తింది.